చెవి చెప్పే అబద్ధం

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో పుస్ మాత్ అనే ఒంటి ఇంజను చిన్న విమానం ఎక్కి, ఉత్తరాల సంచులతో అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగాడు. అక్కడ సంచులు నెవిల్ విన్‌సెంట్ చేతికి మారాయి. ఆయన మద్రాసు వైపు బయల్దేరాడు గానీ ఆ రోజు మద్రాసు చేరలేదు. పొద్దుగూకే వేళకు బళ్ళారిలో దిగి, రాత్రికి అక్కడే ఉండిపోయి, తెల్లారాక మిగతా దారి పట్టాడు. టాటాల తొలి టపా విమానం అలా తెలుగు మాట వినిపించే ఊళ్ళో ఒక రాత్రి నిద్ర చేసింది. చీకటి పడ్డాక ఆ దారిన ఎగరడానికి ఏ వసతీ లేదు మరి. ఎడ్లబండ్లు రాత్రంతా నడిచేవి, రైళ్ళూ నడిచేవి. అన్నిటికన్నా జోరైన విమానం మాత్రం కోడి కూసేదాకా ఆగాల్సిందే.

అమెరికాలో ఇదే తంటా ఇంకా పెద్దఎత్తున నడిచింది. 1920లో ఆ తీరం నుంచి ఈ తీరానికి విమాన టపా మొదలైంది. పగలు విమానం, చీకటి పడగానే సంచులు దింపి రైల్లో వేయడం. పగలు సంపాదించిన వేగమంతా రాత్రికి రైలు పాలయ్యేది. ఇంతమాత్రానికి డబ్బు తగలేయడం దేనికని కాంగ్రెసు సభ్యులు సణుగుతున్న రోజుల్లో, 1921 ఫిబ్రవరి 22న తపాలా శాఖ తెగించి రాత్రి కూడా విమానమే నడిపింది. జాక్ నైట్ అనే పైలట్ నార్త్ ప్లాట్ నుంచి ఒమాహా దాకా వచ్చాడు. అక్కణ్ణుంచి సంచులు అందుకోవాల్సిన పైలట్ రాలేదు. నైట్ తానెప్పుడూ ఎగరని దారిలో, మోటారు రోడ్ల పటం ఒకటి పట్టుకుని షికాగోకు బయల్దేరాడు. దారిలో జనం అక్కడక్కడా మంటలు వేశారు. అయోవా సిటీలో పెట్రోలు పోసుకోవాలి. విమానం రాదనుకుని అక్కడి సిబ్బంది ఇళ్ళకు పోయారు. మిగిలిన కాపలావాడొక్కడు మంట వెలిగించి చూపితే దిగాడు. తెల్లారాక షికాగోలో సంచులు దించాడు. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మొత్తం 33 గంటల 20 నిమిషాల్లో టపా చేరింది. కాంగ్రెసు డబ్బు ఇచ్చింది.

ఈ కథను ఎవరు చెప్పినా ఇక్కడి నుంచి దీపాల వైపు పోతారు. 1924 జులై నాటికి షికాగో నుంచి షయెన్ దాకా దీపస్తంభాలు నిలబెట్టి, రాత్రి టపాను రోజువారీ పనిగా మార్చేశారు నిజమే. 1910లో లండన్–మాంచెస్టర్ పందెంలో క్లాడ్ గ్రాహమ్-వైట్ మోటారుకార్ల లైట్ల ఆధారంతో రాత్రిపూట లేచినప్పటి నుంచీ అందరి ఆలోచనా వెలుగు చుట్టూనే తిరిగింది. కానీ వెలుగు చూపించేది దారిని మాత్రమే. మబ్బు కమ్మినప్పుడో, వెన్నెల లేని రాత్రిలోనో విమానం నిటారుగా ఉందా, ఒక పక్కకు ఒరిగి ఉందా అన్నది ఏ దీపస్తంభమూ చెప్పదు. అది మాకు చెప్పక్కర్లేదు అనుకున్నారు ఆనాటి పైలట్లు. కూర్చున్న సీటే చెబుతుందని వాళ్ళ ధీమా. విమానం ఒరిగితే ఒంటికి తెలియదా? తెలియదని తేల్చింది ఒక కుర్చీ.

ఆ కుర్చీ పేరు బారానీ కుర్చీ. వియన్నా చెవి వైద్యుడు రాబర్ట్ బారానీ లోపలి చెవికీ ఒంటి నిలకడకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించి 1914 సంవత్సరానికి నోబెల్ పొందాడు. ఆ కబురు అందేనాటికి రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు పాపం. గుండ్రంగా తిప్పే ఆయన కుర్చీని సైన్యాలు పైలట్ల ఎంపికకు వాడుకున్నాయి. ఉద్దేశం మంచి నిలకడ ఉన్నవాళ్ళను ఏరడం. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర క్రిసీ ఫీల్డులో డాక్టర్ డేవిడ్ మయర్స్, విలియం ఓకర్ అనే సైనిక పైలట్‌ను ఆ కుర్చీలో కళ్ళు మూసి కూర్చోబెట్టి తిప్పాడు. ఎటు తిరుగుతున్నావని అడిగితే ఏళ్ళ తరబడి ఎగిరిన ఆ మనిషి తప్పు చెప్పాడు. కుర్చీ ఆగిపోయినా ఇంకా తిరుగుతున్నానన్నాడు, అదీ ఎదురు దిక్కుకు.

ఇది నమ్మశక్యంగా లేకపోతే ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. ఆర్మూర్‌లో మా బంధువుల విత్తనాల దుకాణంలో గిరగిరా తిరిగే కుర్చీ ఒకటుంది. మా మేనల్లుడికి దస్తీతో కళ్ళు కట్టి, అందులో కూర్చోబెట్టి, మెల్లగా ఒకే వేగంతో కుడికి తిప్పాను. మొదట సరిగ్గానే చెప్పాడు. అర నిమిషం గడిచేసరికి, “ఆపినవా మామా?” అన్నాడు. కుర్చీ తిరుగుతూనే ఉంది. నెమ్మదిగా ఆపాను. వెంటనే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, “అరె, ఎడమకు తిప్పుతున్నవ్ గదా!” అని ఒరిగిపోయాడు. “తిప్పుడు బంద్ జేసి ఎంతసేపైతుందిరా” అంటే నమ్మడు. దస్తీ విప్పాక కూడా నా మీదే అనుమానం, నేనేదో మాయ చేశానని.

మాయ చేసింది చెవి. లోపలి చెవిలో ఒకదానికొకటి అడ్డంగా మూడు అర్ధవృత్తపు గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం. బిందెలో నీళ్ళు పోసి బిందెను తిప్పి చూడండి. మొదట బిందె తిరుగుతుంది, నీళ్ళు వెనకబడతాయి. కాసేపటికి నీళ్ళూ దాని వేగం అందుకుంటాయి. బిందె ఆపినా నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. గొట్టానికీ ద్రవానికీ మధ్య ఉన్న ఆ తేడానే మెదడు మలుపుగా లెక్కగడుతుంది. తేడా లేకపోతే మలుపు లేదనుకుంటుంది. విమానం నిలకడగా మలుపు తిరుగుతుంటే పది ఇరవై సెకన్లకల్లా ‘తిన్నగానే పోతున్నాం’ అనిపిస్తుంది. దాన్ని నిజంగా తిన్నగా చేస్తే ఎదురు వైపుకు ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. మరీ నెమ్మదిగా, సెకనుకు ఒకటి రెండు డిగ్రీల లెక్కన ఒరిగితే చెవి అసలు పట్టించుకోనే పట్టించుకోదు. పగలైతే కన్ను అడ్డుపడి చెవిని సరిదిద్దుతుంది. రాత్రి ఆ సాక్షి ఉండదు.

ఓకర్ ఊరుకోలేదు. మళ్ళీ అదే కుర్చీకి వచ్చాడు. ఈసారి చేతిలో ఒక పెట్టె. లోపల టర్న్ ఇండికేటరు, దిక్సూచి, వాటిని చూడటానికి టార్చిలైటు. ఆ టర్న్ ఇండికేటరు ఎల్మర్ స్పెరీ చేసింది. గిర్రున తిరిగే చక్రం తన ఇరుసు దిశను అంత తేలిగ్గా మార్చుకోదన్న సూత్రం మీద నడుస్తుంది. పెట్టెలోకి తొంగి చూస్తూ జవాబులు చెబితే అన్నీ ఒప్పే. ఒళ్ళు ఒకటి అంటున్నా ముల్లు చెప్పిందే చెప్పాడు. ఆ తర్వాత కార్ల్ క్రేన్ అనే మరో అధికారి తోడై ఇద్దరూ ‘గుడ్డిగా ఎగరడం’ అనే చదువుకు పాఠ్యక్రమం తయారుచేశారు. పావురాలకు కళ్ళగంతలు కట్టి విమానంలోంచి వదిలారు కూడా. పావురాలు ఎగరలేదు. రెక్కలు చాచిపెట్టి కిందికి జారాయి. పుట్టుకతో రెక్కలున్న పక్షికే కన్ను లేకపోతే దిక్కు లేనప్పుడు, సీటును నమ్ముకున్న మనిషి ధీమా ఏపాటిది?

నా లెక్కలో రాత్రి విమానయానం పుట్టింది ఆ పెట్టెలోనే. దీపస్తంభాల దగ్గర కాదు. మిగతాదంతా దానికి పొడిగింపు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ తన కాక్‌పిట్ మీద ముసుగు కప్పించుకుని, బయటి ప్రపంచం చూడకుండా లేచి, చుట్టు తిరిగి, దిగాడు. ముందు సీట్లో బెన్ కెల్సీ ఆపదకు ఆదుకోవడానికి కూర్చున్నాడు గానీ ఆయన చెయ్యి వేయాల్సిన పని పడలేదు. డూలిటిల్ ముందున్న కొత్త పరికరాలు మూడు: భూమి గీత ఎక్కడుందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్, దిశ చూపే డైరెక్షనల్ గైరో, ఎత్తును సూక్ష్మంగా చూపే కోల్స్‌మన్ ఆల్టీమీటరు. ఈ రోజు శిక్షణ ఇచ్చే సెస్నా డాష్‌బోర్డులో ఉన్నవీ వాటి వారసులే. గుండ్రటి ముళ్ళ స్థానంలో తెర వచ్చిందంతే.

పరికరం వచ్చినంత మాత్రాన దాన్ని నమ్మే మనిషి వచ్చినట్టు కాదు. ఒళ్ళంతా ‘ఎడమకు పడిపోతున్నాం’ అని గోల పెడుతుంటే, అద్దం వెనకున్న చిన్న గీతను నమ్మి చేతిని కదపకుండా ఉంచడం చదువుకుంటే రాదు, అలవాటు చేసుకోవాలి. నేల మీదే ఆ అలవాటు చేయించే దారి దొరికింది ఆర్గన్లు చేసే కార్ఖానాలో. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్ల వ్యాపారం. ఆర్గన్‌లో గాలి నింపే తిత్తులనే వాడి, పొట్టి రెక్కల చెక్క విమానం ఒకటి తయారుచేశాడు లింక్. కూర్చుని కర్ర కదిపితే తిత్తులు ఉబ్బి, కుంగి అది ఒరుగుతుంది, తిరుగుతుంది. 1929లో పేటెంటుకు అర్జీ పెట్టాడు. ఫ్లయింగ్ స్కూళ్ళు పెదవి విరిచాయి. జాతరలో రంగులరాట్నం పక్కన పెట్టే వస్తువు అనుకున్నారు. చాలావరకు అక్కడే అమ్ముడుపోయింది కూడా, పిల్లలు నాణెం వేసి ఆడుకోవడానికి.

1934 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల టపా ఒప్పందాలు రద్దుచేసి ఆ పని సైన్యానికి అప్పగించింది. నడి చలికాలం, రాత్రి ప్రయాణాలు, మంచు. పరికరాల మీద ఎగరడం సరిగా రాని కుర్రవాళ్ళు. కొన్ని వారాల్లోనే పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది జాతర బొమ్మ. దాన్ని చూపించడానికి రమ్మంటే, పొగమంచులో ఇక రాలేడనుకుని అధికారులు వెళ్ళబోతుండగా లింక్ తన విమానంలో నెవార్క్‌లో దిగాడట. తలకు 3,500 డాలర్ల చొప్పున ఆరింటికి ఆర్డరు దొరికింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఆ చెక్క విమానాలు వేలల్లో తయారయ్యాయి. యుద్ధకాలంలో మన బేగంపేటలోనూ పైలట్లకు ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది, టైగర్ మాత్ విమానాల మీద.

ఈ అలవాటు లేనివాడు ఎంతసేపు నిలబడగలడు? ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1954లో లెక్క తీసింది. పరికరాల మీద ఎగరడం రాని 20 మందిని ఎక్కించి, పక్కన బోధకుణ్ణి పెట్టి, బయట ఏమీ కనపడకుండా చేసి విమానం చేతికిచ్చారు. ఇరవైకి ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. అందరికన్నా ముందు తప్పినవాడు 20 సెకన్లలోనే. పందొమ్మిది మంది ఒకే తీరున పోయారు: తెలియకుండా ఒక పక్కకు ఒరగడం, ఎత్తు తగ్గుతోందని గమనించి కర్ర వెనక్కి లాగడం, దాంతో మలుపు మరింత బిగుసుకుని సుడిలా కిందికి దూసుకెళ్ళడం. పైలట్లు దాన్ని ‘శ్మశానపు సుడి’ అంటారు. అదే మనుషులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చాక మళ్ళీ పరీక్షిస్తే దాదాపు అన్నిసార్లూ వెనక్కి తిరిగి బయటపడగలిగారు.

మన దగ్గర రాత్రి టపా మొదలైంది 1949 జనవరి 30న, గాంధీజీ పోయి సరిగ్గా ఏడాదైన రోజు. రఫీ అహ్మద్ కిద్వాయ్ కేంద్రంలో కమ్యూనికేషన్ల మంత్రి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు డకోటాలు రాత్రి బయల్దేరి నాగపూర్‌లో కలుసుకునేవి. అర్ధరాత్రి సంచులు మార్చుకుని, తెల్లారేలోగా ఎవరి ఊరికి వాళ్ళు చేరేవారు. సాయంత్రం మద్రాసులో వేసిన ఉత్తరం పొద్దున్నే ఢిల్లీలో ఉండేది. ఆ ఏప్రిల్ నుంచి మామూలు ఉత్తరాలు కూడా అదనపు రుసుము లేకుండా విమానంలో పోయాయి. మద్రాసు నుంచి నాగపూర్‌కు గీత గీస్తే అది తెలంగాణ మీదుగానే పోతుంది. హైదరాబాదు, ఆర్మూర్, నాగపూర్ ఒకే రోడ్డు మీది ఊళ్ళు. ఆ డకోటాలకు రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, రేడియో. అయినా 1953 డిసెంబరు 12న నాగపూర్‌లో రాత్రి టపా డకోటా ఒకటి లేచిన వెంటనే ఇంజను దెబ్బతిని కూలి 13 మంది పోయారు. ఒంటి ఇంజను, ఒంటరి పైలట్ అయితే? రాత్రి ఇంజను ఆగితే ఏం చేయాలో చెప్పే పాత జోకు ఒకటి పైలట్ల మధ్య తిరుగుతుంటుంది: నేల దగ్గరపడ్డాక లైటు వెయ్యి. కనిపించింది నచ్చకపోతే లైటు ఆర్పెయ్యి.

రాత్రిపూట పైలట్‌కు కింద ఏం కనిపిస్తుందో తెలియాలంటే మా ఆర్మూర్‌లో నవనాథ సిద్ధుల గుట్ట చాలు. మాఘ ఫాల్గుణాల్లో, పసుపు తవ్వకాలు సాగే రోజుల్లో చీకటి పడ్డాక గుట్ట దిగుతూ చూడండి. చుట్టూ చేలల్లో పసుపు ఉడకబెట్టే బాయిలర్ల మంటలు చుక్కల్లా అక్కడొకటి ఇక్కడొకటి. వాటికీ ఆకాశంలోని చుక్కలకూ మధ్య గీత ఎక్కడుందో చూపమంటే నేను చూపలేను. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల దీపాలు ఒక బారున ఏటవాలుగా సాగుతుంటాయి. విమానంలో ఉన్నవాడు ఆ బారునే భూమి గీత అనుకుని రెక్కలు దానికి సమానంగా పెట్టాడంటే తెలియకుండానే ఒరిగిపోయినట్టు. ఒంటరి దీపం ఒకదాన్నే చాలాసేపు చూస్తే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. కొత్త పైలట్లు చుక్కను ఎదురొచ్చే విమానం అనుకుని పక్కకు తప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇక ఉత్తరాన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నీళ్ళు. పగలు కళ్ళు చెదిరే ఆ విస్తీర్ణం అమావాస్య రాత్రి ఉన్నట్టే తెలియదు.

ఇలాంటి చీకటి మీదుగా దూరంగా వెలిగే రన్‌వే వైపు దిగడంలో ఇంకో మోసం ఉంది. 1960ల్లో బోయింగ్ 727లు కొన్ని రాత్రిపూట రన్‌వేకు ఇవతలే నేలను తాకాయి. బోయింగ్‌లో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త కాన్రాడ్ క్రాఫ్ట్ ఒక బొమ్మ నగరం కట్టి, దీపాలు పెట్టి, ముందు భాగమంతా చీకటి ఉంచి, చెయ్యి తిరిగిన పైలట్ల చేత సిమ్యులేటర్‌లో దింపించాడు. వాళ్ళలో చాలామంది తామెంతో ఎత్తులో ఉన్నామనుకుని ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి వచ్చేశారు. చుట్టూ చెట్టు, చేను, ఇల్లు ఏదీ కనపడనప్పుడు కంటికి కొలత పోతుంది. దీన్ని ‘బ్లాక్ హోల్ అప్రోచ్’ అంటారు. దీనికి మందు వెలుగే, కానీ తెలివిగా వాడిన వెలుగు. 1970ల్లో ఇంగ్లండులోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో రూపొందిన పాపి దీపాలు రన్‌వే పక్కన నాలుగు ఉంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే దిగే కోణం సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ తెలుపైతే మరీ ఎత్తు. నాలుగూ ఎరుపైతే వెంటనే పైకి లేవాలి. కన్ను కొలత వేయక్కర్లేదు, రంగు చూస్తే చాలు.

నేర్చుకునేవాడికి ఇదంతా చిన్న చిన్న అలవాట్లుగా అందుతుంది. ఎగరబోయే ముందు అరగంట పాటు పెద్ద లైటు చూడకూడదు, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అంతసేపు పడుతుంది. మసక దీపాన్ని సూటిగా కాక కాస్త పక్కకు చూస్తే బాగా కనిపిస్తుంది. టార్చీలు రెండు, ఒకటి ఎప్పుడూ అందేచోట. దిగేటప్పుడు రన్‌వే నేల కనపడదు గనక అంచు దీపాలు కంటి చివరల్లో ఎప్పుడు పైకి లేస్తున్నట్టు తోస్తాయో పట్టుకోవాలి. కొత్తవాళ్ళు చాలామంది నేల వచ్చేసిందనుకుని మనిషెత్తున ముందే ముక్కు లేపి ధడేలున పడేస్తారు. వీటన్నిటి కంటే ముందు, రన్‌వే చివరి దీపం వెనక్కి జారగానే బయటికి చూడటం మానేసి పరికరాల మీదికి చూపు తిప్పాలి. లేచిన ఆ మొదటి నిమిషం గుట్ట మీది చీకటి కన్నా చిక్కగా ఉంటుందని ఎగిరినవాళ్ళు అంటారు.

మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఏ. నిబంధనల ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఎగరడంలో రాత్రివి కనీసం 5 గంటలుండాలి, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగులతో సహా. పైగా మన దేశంలో రాత్రిపూట కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి సాధారణంగా అనుమతి లేదు. ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణకు, విమానాశ్రయం చుట్టుపక్కల ఎగరడానికి విమానాల రాకపోకలను నియంత్రించే ఏ.టి.సి. మినహాయింపు ఇస్తుంది. అంటే బేగంపేట లాంటి చోట నేర్చుకునే పిల్లవాడి రాత్రి గంటలు చాలావరకు వెలిగే రన్‌వే చుట్టూ సర్క్యూట్లే. అదే మన తెలుగు పిల్లలు ఫ్లోరిడాకో టెక్సాస్‌కో పోయి నేర్చుకుంటే అక్కడ ప్రైవేటు లైసెన్సుకే మూడు గంటల రాత్రి శిక్షణ, అందులో వంద నాటికల్ మైళ్ళకు పైబడిన ప్రయాణం ఒకటి తప్పనిసరి. ఊరు దాటిన చీకటిని బోధకుడు పక్కనుండగా ఒకసారైనా చూస్తారు. మన నిబంధన జాగ్రత్త కోసమే గానీ, ఎక్కువగా వెలుగు చుట్టే తిరిగే గంటలకు రాత్రి గంటలని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

అయితే అమెరికా పద్ధతిలోనూ చిల్లు ఉంది. పరికరాల మీద ఎగరడానికి విడిగా ఇచ్చే అర్హత, అంటే పరికరాల రేటింగు, లేకుండానే అక్కడ రాత్రి ఒంటరిగా ఎగరొచ్చు. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ కొడుకు తన ఒంటి ఇంజను పైపర్ సరటోగాలో భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని సముద్రం మీదుగా మార్థాస్ వైన్‌యార్డ్ దీవికి బయల్దేరాడు. ఎగరడంలో 300 గంటలు దాటిన అనుభవమే. పరికరాల రేటింగు లేదు. మసక గాలి, నల్లటి నీళ్ళు, కనపడని గీత. విమానం కుడికి సుడి తిరుగుతూ సముద్రంలో పడింది. దిక్కు తోచని స్థితిలో అదుపు తప్పడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఇంజనులో లోపమేమీ దొరకలేదు.

మా ఆర్మూర్‌కు కూతవేటు దూరంలో జక్రాన్‌పల్లి దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. రాష్ట్రంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ సాధ్యాసాధ్యాలు చూసిన ఆరు చోట్లలో ఇదొకటి. అది వస్తే పసుపు విమానంలో పోతుందని కొందరు ఆశపడతారు. ఎండిన పసుపు కొమ్ము నెలల తరబడి నిల్వ ఉంటుంది, దానికి విమానం తొందర దేనికి? ఫ్లయింగ్ స్కూలుకైతే మాత్రం ఈ చోటు పనికొస్తుంది. శంషాబాద్ రద్దీకి దూరం, చుట్టూ చాలావరకు చదును నేల. అలా జరిగితే, టెర్మినల్ అద్దాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. రన్‌వే రెండు కొసలా పాపి దీపాలు, కరెంటు పోయిన వెంటనే అందుకునే జనరేటరు, చీకటి పడ్డాక కూడా టవర్‌లో మనిషి — మొదటి టెండరులోనే ఈ మూడూ ఉండాలని అడుగుతాను.